పేరు పెట్టని బిడ్డ కోసం మానుకోట, రేగొండ దారిలో

ఎనభైల మొదట్లో, మా పాప చనిపోయిన నెలా పది రోజులకు నేను జనగామలో రైలెక్కాను. ఎక్కడికని అడిగిన వాళ్ళకు మానుకోటలో చుట్టాలున్నారని చెప్పాను. అది అబద్ధం. నేను వెళ్ళింది ఒక ప్రశ్న అడగడానికి. బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పసిబిడ్డకు రక్షణ ఉంటుందా, ఉండదా? ఆ ప్రశ్న అడగడానికి నాకు ఒక్క మనిషే కనిపించారు. ఆయన నాకు బాప్తిస్మమిచ్చిన పాస్టరు, యోహాను అయ్యగారు. చిన్నప్పుడు తమకు చదువో భక్తో నేర్పిన పెద్దవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాలనుకునే వాళ్ళు ఈ మధ్య నాకు ఉత్తరాలు రాస్తున్నారు. ఎలా వెళ్ళాలి, ఏం చూసుకోవాలి అని అడుగుతున్నారు. వాళ్ళ కోసమే ఆ రెండు రోజుల ప్రయాణాన్ని రాస్తున్నాను. రైళ్ళ వేళలు మారాయి, మట్టి రోడ్లు తారు రోడ్లయ్యాయి. ఊళ్ళ వరస మాత్రం అదే.

ముందు ఆయన ఎవరో చెప్పాలి. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యమం లేచినప్పుడు జనగామలో బళ్ళు మూతబడ్డాయి. నేను ఏడో తరగతి. యోహాను అయ్యగారు చర్చి వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి లెక్కలు, తెలుగు చెప్పేవారు. మా వీధి చివర కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక గుమాస్తా కుటుంబం ఉండేది. భార్య నిండు గర్భిణి. బయటికొస్తే ఎవరేమంటారోనని భయపడి వాళ్ళు తలుపులేసుకుని కూర్చున్నారు. నీళ్ళు పోసే మనిషి రావడం మానేశాడు. అయ్యగారు రోజూ పొద్దున్నే రెండు బిందెలు మోసుకెళ్ళి వాళ్ళ గడపలో పెట్టేవారు. ఒకరోజు చిన్న బిందె నా నెత్తిన పెట్టారు. దారిలో కుర్రాళ్ళు అరిచారు, ఒకడు మట్టిగడ్డ విసిరాడు. నాకు ఏడుపొచ్చింది. "వాళ్ళు మనోళ్ళు కాదు గదా అయ్యగారూ, మనకెందుకు?" అన్నాను.

ఆయన ఆగలేదు, నడుస్తూనే చెప్పారు. "మనం దేవునికి ఏమైతమని మనల్ని రక్షించిండు బిడ్డా? ఏం గాము. రక్షణ అంటే చచ్చినంక చేతికిచ్చే చీటీ గాదు. పొద్దుగాల లేచి, ఇయ్యాల ఎవరింట్ల నీళ్ళు లేవో చూసుడు." ఆ ఏడాదే మా ఇంట్లో వాళ్ళం అందరం బాప్తిస్మం తీసుకున్నాం. నా తల మీద నీళ్ళు పోసింది ఆయనే.

తర్వాత ఆయనకు మానుకోటకు బదిలీ అయింది. నేను టీచర్ ట్రైనింగ్ చదివి కొడకండ్ల దగ్గర ఒక బడిలో చేరాను. నా భర్త ప్రకాశం జనగామలో లారీలు బాగుచేసే మెకానిక్. పెళ్ళయిన ఐదేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మమిస్తారు. పేరు కూడా అప్పుడే పెడతారు, అంతవరకు పాప అనే పిలుస్తారు. రెండో వారంలోనే ఇప్పిద్దామని ప్రకాశం అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. యోహాను అయ్యగారే వచ్చి ఇవ్వాలని పట్టుబట్టి, మానుకోట చిరునామాకు కార్డు రాశాను. జవాబు రాలేదు. ఇంకో కార్డు రాశాను. మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు రెండుసార్లు గుర్తుచేశారు. "వచ్చే ఆదివారం చూద్దాం" అన్నాను. ముప్పై నాలుగో రోజు సాయంత్రం పాపకు జ్వరం వచ్చింది. తెల్లారేసరికి లేదు.

కొత్త పాస్టరు చెడ్డ మనిషి కాదు. వయసులో చిన్నవాడు, పుస్తకంలో ఉన్నది తప్పకుండా చేసే మనిషి. బాప్తిస్మం లేని వాళ్ళకు సమాధి ఆరాధన లేదని చెప్పి, గంట కొట్టించలేదు. సమాధుల తోటలో మూల, గోడ పక్కన చోటు చూపించాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ దేవుని దగ్గరుందా?" అని అడిగాను. ఆయన నేల చూస్తూ, "ఆ సంగతి మనం చెప్పలేమమ్మా" అన్నాడు. కొయ్య శిలువ మీద రాయడానికి పేరడిగితే మేమేమీ చెప్పలేదు. నా మనసులో ఒక పేరుంది. అది బాప్తిస్మమిచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పాలని దాచుకున్నాను. ప్రకాశానికి కూడా చెప్పలేదు.

ఇక ప్రయాణం. పొద్దున ఆరున్నర ప్రాంతంలో కాజీపేట వైపు ప్యాసింజరు ఉండేది. కాజీపేటలో దిగి గంటసేపు కూర్చుంటే విజయవాడ వైపు వెళ్ళే ప్యాసింజరు వస్తుంది. ఆ మార్గంలో వరంగల్ దాటాక నెక్కొండ, కేసముద్రం, తర్వాత మహబూబాబాద్. అక్కడి వాళ్ళు మానుకోట అంటారు, టికెట్ అడిగేటప్పుడు ఏ పేరైనా పరవాలేదు. నెక్కొండలో ఒక లంబాడా ఆమె చంకలో బిడ్డతో, నెత్తిన మూటతో ఎక్కింది. మూట పైన పెట్టుకోవాలని, నా మొహం కూడా చూడకుండా, "అక్కా, జర పట్టుకో" అని బిడ్డను నా ఒళ్ళో పెట్టేసింది. నాలుగైదు నెలల పిల్ల. దాని తల నా చేతికి తగలగానే నా రవిక తడిసింది. నా పాలు ఇంకా పూర్తిగా ఇంకలేదు. ఆ పిల్ల వాసన పట్టి నా వైపు మొహం తిప్పుకుంది.

"నీకెంతమంది?" అంది ఆమె కూర్చుంటూ.

"ఒక బిడ్డ."

"ఇంటికాడ ఇడ్సి వచ్చినవా?"

"ఆ" అన్నాను. కేసముద్రం వచ్చేదాకా ఆ పిల్లను అలాగే పట్టుకున్నాను. ఇవ్వబుద్ధి కాలేదు, ఉంచుకోలేకపోయాను కూడా. ఆమె దిగుతూ పిల్లను తీసుకుని, "మంచిగ పట్టినవ్ అక్కా" అంది.

మానుకోట స్టేషన్లో దిగేసరికి పన్నెండు. చర్చి ఆవరణకు నడిచి వెళ్ళొచ్చు, పావుగంట. పక్కనే పిల్లల హాస్టలు ఉంది. వంటచేసే శాంతమ్మ అనే ఆమె పెద్ద గంజు దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. యోహాను అయ్యగారి ఇల్లెక్కడని అడిగితే ఆమె చేట కింద పెట్టింది.

"ఆయన ఇక్కడ లేడమ్మా. పొయ్యి రెండేండ్లాయె. నువ్వెవరు?"

జనగామ నుంచి వచ్చానని, ఆయన దగ్గర చదువుకున్నానని చెప్పాను. నన్ను లోపలికి పిలిచి ముందు అన్నం పెట్టింది. తిన్నాక చెప్పింది.

"ఓ ఆదివారం ప్రభు భోజన సంస్కారమిస్తున్నడు. మేమందరం మోకాళ్ళ మీదున్నం. నేను ముందల్నే ఉంటి. రొట్టె చేతిల పట్టుకొని ఆగిండు. అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. నా దిక్కు చూసి 'గిదేంది?' అన్నడు. 'ప్రభువు శరీరమయ్యగారూ' అన్న. 'ఏ ప్రభువు?' అన్నడు."

శాంతమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "తాగిండని కొందరన్నరు. ఎవడో చేతబడి చేసిండని కొందరన్నరు. తాగుడేందమ్మా, నలభై ఏండ్లల్ల ఆయన నోట కల్లు చుక్క పడలే. అంతకు ముందల్నించే ఉండె. చెప్పిన ప్రార్థనే మళ్ళ చెప్పుడు, ఇంటి తొవ్వ మర్చిపోవుడు. అమ్మగారు కప్పిపెట్టుకుంట వచ్చింది. గా ఆదివారం నాడు మాత్రం దాయలేకపోయింది. పదిహేను దినాలకు సామాను కట్టుకొని పోయిన్రు. రేగొండ దాటినంక అమ్మగారి తల్లిగారి ఊరుంది. ఆడ ఉన్నరు."

నేను అప్పుడే వెనక్కి వచ్చేయాల్సింది. నా ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి లేడని తెలిసిపోయింది. కానీ రెండేళ్ళల్లో నయమై ఉండొచ్చు కదా అనుకున్నాను. ఆ రాత్రి హాస్టల్లోనే పడుకోనిచ్చారు. ఊరి పేరు శాంతమ్మ నా బడి నోట్‌బుక్కులో పక్కనున్న పిల్లతో రాయించింది.

మర్నాడు పొద్దున్నే మొదటి రైలుకు వరంగల్ వచ్చి, రిక్షాలో హన్మకొండ బస్టాండుకు వెళ్ళాను. అక్కడ కాళేశ్వరం వెళ్ళే ఎర్ర బస్సు దొరికింది. పరకాల, రేగొండ, భూపాలపల్లి మీదుగా వెళ్తుంది. రేగొండకు రెండు గంటల పైనే పట్టింది. టికెట్ నాలుగైదు రూపాయలనుకుంటా, సరిగ్గా గుర్తులేదు. పరకాల దాటాక రోడ్డు పొడుగునా మిరప తోటలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. కిటికీ పక్కన కూర్చుంటే కళ్ళు మండుతాయి, ఆ కాలంలో వెళ్ళేవాళ్ళు తువ్వాలు దగ్గర పెట్టుకోండి. నాకు మాత్రం ఆ మంట మేలు చేసింది. ఏడుస్తున్నానని ఎవరూ అనుకోలేదు.

రేగొండలో దిగేసరికి పదకొండు. ఊరికి ఇంకా రెండు కోసుల మట్టి దారి. సగం దూరం నడిచాక వెనక నుంచి ఎడ్లబండి వచ్చింది. మల్లయ్య అనే పెద్దాయన, ఖాళీ గోనె సంచులు వేసుకుని వెళ్తున్నాడు. ఎక్కించుకున్నాడు.

"ఎవరింటికి బిడ్డా?"

"యోహాను అయ్యగారింటికి."

"మతిపోయిన ఫాదరింటికా?" అన్నాడు. వెంటనే నొచ్చుకున్నాడు. "తప్పుగ అనుకోకు. ఊర్లె గట్లనే అంటరు. మొన్న మా బావి కాడికొచ్చి కూసున్నడు. తొవ్వ తెల్వక. నేనే తోల్కపోయి అప్పజెప్పిన." కొంతసేపు ఎడ్లను అదిలించి, మళ్ళీ తిరిగాడు. "ఒకటడుగుత బిడ్డా. మేం మీ దేవుణ్ణి మొక్కం. మాకు తెల్వదు. గంత దేవుని పనిచేసిన మనిషికి దేవుని పేరే యాదికి లేకుండ ఎట్ల జేసిండు? గది న్యాయమేనా?"

నా దగ్గర ఉన్న ప్రశ్న అతనే అడిగినట్టనిపించింది. "నాకు తెల్వదు బాపూ" అన్నాను.

రెండు గదుల పెంకుటిల్లు. వాకిట్లో మంచం మీద అయ్యగారు కూర్చున్నారు. తెల్ల చొక్కా, శుభ్రంగా గీసిన గడ్డం, దువ్విన తల. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన భార్య రూతమ్మగారు పక్కన కూర్చుని అన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి నోట్లో పెడుతోంది. ఆయన మింగడం మర్చిపోతే గొంతు మీద వేలితో మెల్లగా రాస్తోంది. నేను దగ్గరికి వెళ్ళి దండం పెట్టాను. ఆయన నన్ను చూసి నవ్వారు.

"పేరేంది?" అన్నారు.

"మరియను అయ్యగారూ. జనగామ మరియను."

"మంచి పేరు." రెండు ముద్దలు తిన్నారు. మళ్ళీ నా వైపు చూసి, "పేరేంది?" అన్నారు.

రూతమ్మగారు మాత్రం నన్ను చూడగానే గుర్తుపట్టింది. "ఎవరొచ్చినా గదే అడుగుతడు బిడ్డా. పిల్లల నెత్తిన నీళ్ళు పోసేటప్పుడు నలభై ఏండ్లు అడిగిన మాట. గదొక్కటే మిగిలింది. నా పేరు గూడ దినాం అడుగుతడు."

ఆయన మూతి తుడిచి, చేతులు కడిగించి, ఆమె నన్ను లోపలికి తీసుకెళ్ళింది. నేనేం చెప్పకముందే ట్రంకు పెట్టె తెరిచి, చీరల మడతల్లోంచి రెండు కార్డులు తీసి నా ముందు పెట్టింది. నా చేతిరాత. మానుకోట చిరునామా కొట్టేసి ఎవరో ఈ ఊరి పేరు రాశారు.

"అందినయి" అంది ఆమె.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెద్దామె మీద గొంతెత్తి అరిచాను. "అందితే ఎందుకు రాయలేదమ్మా? రాలేమని ఒక్క ముక్క రాస్తే చాలు. మా ఊరి పాస్టరుతోనే ఇప్పించేదాన్ని. నేను ఎదురు చూసుకుంట కూసున్న. నా బిడ్డ చచ్చిపోయింది. నీళ్ళు పడకుండ చచ్చిపోయింది."

ఆమెకు పాప చనిపోయిందని అప్పుడే తెలిసింది. గోడకానుకుని కూలబడింది. తర్వాత చెప్పింది. "కార్డు ఆయనకు చదివి వినిపించిన. నవ్విండు. ఎవరి బిడ్డ అన్నడు. నీకేమని రాయాలె? అయ్యగారికి దేవుడెవరో తెల్వదని రాయాల్నా? రాస్తే జనగామంత తెలుస్తది. ఆయనిచ్చిన బాప్తిస్మాలు చెల్లయంటరేమో, ఆయన నమ్మకమే అబద్ధమంటరేమో అని భయపడ్డ. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్న. నేను రాస్తే నీ బిడ్డకు నీళ్ళు పడేవి. నా మొగని పరువు కోసం నీ బిడ్డను..." ఆ మాట పూర్తి చేయలేకపోయింది.

నేను వచ్చే ఆదివారం అన్నాను, ఆమె రేపు రాద్దాం అంది. ఇద్దరం ఆ గదిలో ఎదురెదురుగా కూర్చుని ఏడ్చాం. ఒకరినొకరం ఓదార్చుకోలేదు. ఆమెను క్షమించానని నేను ఆ రోజు అనలేదు.

కొంత కుదుటపడ్డాక, ఎవరిని అడగాలో తెలియక ఆమెనే అడిగాను. "నా బిడ్డకు రక్షణ ఉందా అమ్మా?"

"నాకు వాక్యం తెల్వదు బిడ్డా. నేను వంటచేసిన, ఆయన ప్రసంగం చేసిండు. నమ్మితే రక్షణ, అది కృప, మనం చేసిందేం లేదు అని ఆయన చెప్తుంటే విన్న. ఇప్పుడు ఆయనకే నమ్మకం లేదు. పేరే యాదికి లేదు, ఎట్ల నమ్ముతడు? మరి ఆయన పోయినట్టేనా? ఇగ దినాం గిదే అడుగుతున్న. బట్టలు పిండుకుంట అడుగుత. ఆయన పక్క తడిస్తే మార్చుకుంట అడుగుత. జవాబు రాలె." ఆమె వాకిలి వైపు చూసింది. "ఆయన దేవుణ్ణి పట్టుకోలేడు. నీ బిడ్డ పట్టుకునే యాళ్ళకు పోయింది. ఇద్దరిని దేవుడే పట్టుకోవాలె. పట్టుకున్నడో లేదో నాకు తెల్వదు. నేనబద్ధం చెప్పను. నేను మాత్రం గీయన్ని ఇడ్సిపెట్టను. నన్ను యాది మర్సిండని నేను అన్నం పెట్టుడు మానలె. నాకన్న దేవుడు తక్కువోడైతే, గసుంటి దేవుడు నాకెందుకు?"

నేను బయటికొచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. అయ్యగారి పక్కన చెంబులో నీళ్ళున్నాయి. ఆయన నా వైపు వంగారు. పాత రోజుల్లో పిల్లల తల్లిదండ్రుల వైపు వంగినట్టే.

"పేరేంది?"

ఎందుకన్నానో తెలియదు. నా పేరు కాక, పాప పేరు చెప్పాను. అంతవరకు ఎవరి ముందూ పైకి అనని పేరు. ఇక్కడ కూడా రాయను.

"మంచి పేరు" అన్నారు.

నేను ఆయన చేతుల వైపు చూశాను. ఆ చెంబు వైపు చూశాను. ఆయన చెయ్యి లేవలేదు. వాకిట్లో కోడిపుంజు ఒకటి మిరపకాయ ముక్కను పొడుస్తుంటే దాన్ని చూసి ఆయన నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, అంతే ప్రేమగా, "పేరేంది?" అన్నారు.

రూతమ్మగారు ఆ రోజు ఉండిపొమ్మని బతిమాలింది. "పొద్దుగాల జర నయంగుంటడు బిడ్డా. ఒక్కోసారి వాక్యం గూడ చెప్తడు, మనిషిని గుర్తుపడ్తడు. ఎండెక్కితే మళ్ళ గింతే. రేపు లేవంగనే అడుగుదువు." నాకు సెలవు ఆ రోజుతో అయిపోతుందని చెప్పాను. అది నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఇంకో రోజు సెలవు పెట్టడం పెద్ద పనేం కాదు. ఆయన తెల్లవారి తేరుకుని, ఆ పాత కళ్ళతో నన్ను చూసి, "ఆ సంగతి మనం చెప్పలేం బిడ్డా" అంటారేమోనని భయపడ్డాను. ఇంకెవరన్నా ఆ మాట భరించేదాన్ని. ఆయన అంటే భరించలేను. అందుకే బయల్దేరాను. వాకిలి దాటుతుంటే వెనక నుంచి ఇంకోసారి పేరడిగారు. తిరిగి చూడలేదు.

రేగొండ రోడ్డుకు చేరేసరికి మూడు దాటింది. హన్మకొండ బస్సులు నిండుగా వస్తాయి, ఆపరు, భూపాలపల్లి దాకా వెళ్ళి అక్కడ ఖాళీ బస్సులో కూర్చుని రమ్మని కిళ్ళీకొట్టాయన సలహా ఇచ్చాడు. ఇది ఇప్పటికీ పనికొచ్చే సలహానే. అరగంట ప్రయాణం. అప్పటికి భూపాలపల్లి చిన్న ఊరు. చుట్టూ అడవి. బొగ్గు కోసం భూమికి బోర్లు వేసే కూలీలు నలుగురైదుగురు హోటల్లో కూర్చుని ఉన్నారు. నేను ఒక మూల బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. ఒక్క మాట రాలేదు. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన పరలోక ప్రార్థన కూడా సగంలో ఆగింది. అయ్యగారికి జరిగింది నాకూ జరుగుతోందా అని భయమేసింది. హోటలామె వచ్చి, "ఏం తింటవక్కా, ఉప్మా ఉంది" అంది. రెండు ప్లేట్లు తిన్నాను. అంత ఆకలి వేసినందుకు సిగ్గేసింది. బిడ్డ మట్టిలో ఉంది, నేను ఉప్మా తింటున్నాను.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ప్రకాశం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "మరి పాప సంగతి?" అన్నాడు. "తెల్వదు" అన్నాను. "గా మాట చెప్పనీకి గంత దూరం పోయినవా?" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతను చర్చికి రాలేదు. నన్ను ఎప్పుడూ ఆపలేదు, తను మాత్రం రాలేదు. పాపకు అనుకున్న పేరు చాలా ఏళ్ళ తర్వాత అతనికి చెప్పాను. తను కూడా ఒకటి అనుకున్నాడట. వేరే పేరు. మాకు మళ్ళీ పిల్లలు కాలేదు.

తర్వాతి వానాకాలంలో రూతమ్మగారు ఉత్తరం రాయించింది. అయ్యగారు పోయారని, మానుకోట నుంచి, జనగామ నుంచి పాస్టర్లు వచ్చారని. "ఆయన విశ్వాసం గురించి గంటసేపు గొప్పగా చెప్పిన్రు బిడ్డా. చివరి మూడేండ్ల సంగతి ఒక్కరు ఎత్తలె. నాకు గవే యాదికొస్తున్నయి." నేను జవాబు రాశాను. అందులో ఆ రోజు అనలేకపోయిన మాట అన్నాను. ఆమెను క్షమించానని రాశాను. రాసేటప్పుడు మనసులో అలాంటిదేమీ లేదు. చెయ్యి మాత్రం రాసింది. ఆ ఉత్తరం ఆమెకు అందిందో లేదో తెలియదు. ఆ తర్వాత ఆమె నుంచి ఏమీ రాలేదు.

ఇన్నేళ్ళలో ఎంతోమంది పాస్టర్లు నాకు జవాబు చెప్పారు. పసిపిల్లలు పరలోకంలోనే ఉంటారని కొందరు అన్నారు, దేవునికే వదిలేయమని కొందరు అన్నారు. అందరికీ తల ఊపాను, ఏదీ లోపలికి దిగలేదు. విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు అందరితో పాటు నిలబడతాను, "నమ్ముచున్నాను" అనే చోట పెదాలు కదలని ఆదివారాలే ఎక్కువ. అయినా వెళ్తాను. రక్షణ గురించి నేను చూసింది ఒక్కటే. మింగడం మర్చిపోయిన మనిషి గొంతు మీద ఒక ముసలామె వేలితో రాస్తోంది, ఆమెకు కూడా దేవుడి నుంచి జవాబు రాలేదు. అది జవాబు కాదని నాకు తెలుసు. మా వీధిలో మంచాన పడ్డవాళ్ళుంటే వెళ్ళి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి వస్తుంటాను. మేలు చేస్తున్నానని కాదు. ఇంట్లో కూర్చుంటే ఆ ప్రశ్న ఒక్కటే ఉంటుంది, అక్కడ చేతులకు పనుంటుంది.

మీరు ఇలాంటి మనిషిని వెతుక్కుంటూ వెళ్తుంటే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. రేగొండ వైపు గానీ మరెటు గానీ, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేలా టికెట్లు చూసుకోకండి. మతి తప్పిన పెద్దవాళ్ళు మధ్యాహ్నం ఒకలా, తెల్లవారి ఇంకోలా ఉంటారు. ఒక రాత్రి అక్కడే ఉండేలా, అవసరమైతే సెలవు పొడిగించుకునేలా వెళ్ళండి. వాళ్ళు ఏం చెబుతారోనని భయమేసినా సరే ఉండండి, తెల్లవారి వాళ్ళు లేచేసరికి మంచం పక్కన మీరు ఉండాలి.